కేకేస్తే పలికే పేర్లు

మా కోడలు ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంది. ప్రోగ్రాములు రాస్తుంది. మొన్నొక రోజు నేను చాయ్ తీసుకెళ్లి బల్ల మీద పెట్టేసరికి తెర మీద ఒక చిన్న పెట్టె తెరిచి, అందులో మూడు అక్షరాలు కొట్టింది. ఆ అక్షరాలు పేరు మొదట్లోనో, నడుమనో, చివరనో ఉన్న క్లాసులన్నీ, అంటే ప్రోగ్రాములోని ముక్కలన్నీ, వరసగా కిందికి దిగాయి. ఒకదాన్ని ఎంచుకుంది, అందులోకి పోయింది. అంతా రెప్పపాటులో అయిపోయింది.

దీన్ని మొదట చేసింది మా అక్క అన్నాను.

కోడలు "అవునా మామయ్యా" అంది, చిన్నపిల్లల్ని బుజ్జగించే గొంతుతో. నాకు ఒళ్లు మండింది. లోకంలో మొట్టమొదట ఎవరు చేశారో నాకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. భూపాలపల్లిలో మాత్రం మా అక్కే చేసింది, అదీ నా కళ్లముందు. పోయిన నెల మహబూబాబాద్‌లో ఆమె కన్నుమూసిన సంగతి నాకు దినవారాలన్నీ అయిపోయాక తెలిసింది. ఏడుద్దామని కూర్చుంటే ఆమె గొంతు గుర్తొచ్చి నవ్వొచ్చింది. చచ్చిపోయిన మనిషిని తలుచుకుని నవ్వడమేంటని మీరనుకుంటే అనుకోండి. మీరు ఆ గొంతు వినలేదు.

ఆమె నా సొంత అక్క కాదు. నర్మెట్ట వైపు భూములున్న ఇంటి ఆడబిడ్డ. జనగామలో చదువుకుని, మానుకోటకు కోడలిగా పోయింది. మహబూబాబాద్‌ను మేమెవరం మహబూబాబాద్ అనం, మానుకోట అంటాం. మెల్లగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. చెవిలో గుట్టు చెప్పినా పక్కగదిలో వాళ్లు తలలు తిప్పేవాళ్లు. నోరు కాదు అది, మైకు. ఆమెతో ఎవరి మీదా చాడీలు చెప్పుకునే వీలుండేది కాదు, ఎవరి గురించి చెబుతున్నామో వాళ్లకే ముందు వినపడేది.

ఆ గొంతు నేను మొదట విన్నది అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం నాడు. బళ్లు బందయ్యాయి. జనగామలో ఊరేగింపు తీస్తే పోలీసులు మమ్మల్ని లారీకెక్కించి ఠాణా ఆవరణలో కూర్చోబెట్టారు. నేనప్పుడు పదో తరగతి. సాయంత్రానికి ఊళ్ల నుంచి అవ్వలూ నాయినలూ వచ్చి గేటు మీద పడ్డారు. ఎవరి పిల్లవాణ్ణి వాళ్లు పేరు చెప్పి తీసుకుపొమ్మన్నారు. ఇక్కడే వచ్చింది తంటా. పోలీసుల దగ్గరున్నవి బళ్లో రాసిన పేర్లు. మా అవ్వలకు ఆ పేర్లు తెలియవు. ఇంట్లో ఎవరు పిలిచారు గనక? "మా చిన్నోణ్ని ఇడువుండ్రి సారూ" అని మా అవ్వ బతిమాలుతోంది. గేటు అవతల కూర్చున్నవాళ్లలో సగం మంది చిన్నోళ్లే.

అప్పుడు రోడ్డు మీదున్న ఎడ్లబండి ఎక్కి నిలబడిందొక పిల్ల. నాకంటే రెండు మూడేళ్లు పెద్దది. ఏ తల్లి వచ్చినా ముందు "ఏ ఊరు?" అని, తర్వాత "ఎవలింటోల్లు?" అని, ఆ తర్వాత ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగేది. అడిగి మూడూ కలిపి ఠాణా గోడలు అదిరేలా కేకేసేది. "జఫర్‌గఢ్ బాయికాడోల్ల చిన్నోడు!" అని కేక వినపడగానే నేను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను. జఫర్‌గఢ్‌లో బాయికాడోళ్ల ఇల్లు ఒకటే, ఆ ఇంటికి చిన్నోణ్ని నేనొక్కణ్నే. లేచి నా బడిపేరు నేనే చెప్పుకున్నాను, జవాను దాన్ని తన కాగితంలో చూసుకుని వదిలేశాడు. దీపాలు పెట్టకముందే ఆవరణ ఖాళీ అయింది. మా అవ్వ ఆ పిల్ల తల నిమిరి, నా వీపు మీద ఒకటిచ్చి ఊరికి తీసుకుపోయింది.

మళ్లీ ఆ గొంతు విన్నది ఎనభైల చివర్లో, భూపాలపల్లిలో. అక్కడ కొత్తగా తవ్వుతున్న ఒక బొగ్గు గని ఆఫీసులో నేను గుమాస్తాను. టైపు వచ్చు, లెక్కల్లో డిగ్రీ ఉంది గనక నన్ను కంప్యూటరు గదికి పంపారు. ఆ గదిలోకి చెప్పులతో పోకూడదు. మిషను వేడెక్కకుండా చల్లగాలి పెట్టేవారు. బయట మే నెల ఎండలో గనివాళ్లు చెమటలు కక్కుతుంటే, లోపల ఒకావిడ మగవాళ్ల స్వెట్టరు తొడుక్కుని, కొంగు నడుముకు దోపుకుని, వట్టి కాళ్లతో గబగబా తిరుగుతోంది. మా ఆయనది స్వెట్టరు, ఆయనకు చలి లేదు నాకుంది అని ఎవరూ అడక్కుండానే చెప్పింది. ఆ గొంతు వినగానే ఎడ్లబండి మీది పిల్లను గుర్తుపట్టాను. నేను ఊరూ ఇంటిపేరూ చెప్పాను. ఆమె పడీపడీ నవ్వి, ఆ రోజు నుంచి నన్ను తమ్మి అనడం మొదలుపెట్టింది. ఆఫీసంతా ఆమెను మేడం అనేది. నేనొక్కణ్నే అక్క అనేవాణ్ని, దానికి నాకెంత గర్వమో చెప్పలేను.

తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ క్లాసంటే బళ్లో తరగతి కాదు. ప్రోగ్రామును ముక్కలు ముక్కలుగా రాస్తారు. ఒక్కో ముక్క ఒక్కో పని చూసుకుంటుంది. ఆ ముక్కను క్లాసంటారు, దానికొక పేరు పెడతారు. నాలుగు ముక్కలున్నప్పుడు హాయిగానే ఉంటుంది. వందల్లోకి పోయాక కావలసిన ముక్క ఎక్కడుందో వెతుక్కోవడమే సగం పని. హైదరాబాదులోని స్నేహితురాలి దగ్గర నుంచి అక్క ఇలా క్లాసులతో రాసే భాషనొకదాన్ని ఫ్లాపీల మీద తెచ్చుకుంది. రాయడం, నడపడం, వెతకడం అన్నీ ఒకేచోట. వెతకడానికొక పెట్టె కూడా ఉంది గానీ, దానికి పేరంతా పొల్లుపోకుండా కొట్టాలి. సగం గుర్తుంటే అది మూగనోము పట్టేది.

అక్కకు అది నచ్చలేదు. పేరంతా గుర్తుంటే నేనెందుకు వెతుకుతాను అని మిషనుతో పోట్లాడింది. మిషనుతో మాట్లాడేటప్పుడు కూడా ఆమె గొంతు తగ్గించేది కాదు. ఆ పెట్టె కూడా ఎవడో రాసిన ప్రోగ్రామే గదా, తిరగరాస్తే ఎవరు తంతారు అంది. ఆ భాషలో గొప్పతనం అదే, దాని పనిముట్లను దానితోనే మార్చుకోవచ్చు. వారం తిరక్కుండా మార్చేసింది. పేరులో ఏ ముక్క గుర్తుంటే ఆ ముక్క కొడితే చాలు, అది ఉన్న క్లాసులన్నీ వచ్చి నిలబడేవి.

ఇక పేర్లు పెట్టడంలో ఆమె చాదస్తం చెప్పనలవి కాదు. కొత్త క్లాసు రాసినవాడు వరండాలోకి పోయి దాని పేరును గట్టిగా కేకెయ్యాలి. గదిలో ఉన్న మిగతావాళ్లు ఆ పేరు విని అదేం పని చేస్తుందో చెప్పాలి. చెప్పలేకపోతే పేరు మార్చాలి. నేనొకసారి "ప్రాసెస్ టూ" అని పెట్టాను. వరండాలో నిలబడి సిగ్గు చంపుకుని అరిచాను. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి ఎవరు తప్పిపోయారు సార్ అని అడిగాడు. అక్క తలుపులోంచి తల బయటపెట్టి నాకు చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"పేరు పెట్టేది ఇంట్లున్నోల్ల కోసం కాదు తమ్మి. ఎదుక్కుంట వచ్చెటోల్ల కోసం."

ఒక్కో పేరులో మూడు భాగాలు. ప్రోగ్రాములో ఒక్కో రకం లెక్కను ఒక్కో ఇల్లనుకోండి. ఆ క్లాసు ఇప్పుడున్న ఇంటి పేరు ముందు, అది మొదట పుట్టిన ఇంటి పేరు తర్వాత, దాని సొంత పేరు చివర. క్లాసులను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చాల్సి వస్తుంది, అయినా పుట్టింటి పేరు మాత్రం తీసెయ్యనిచ్చేది కాదు. ఆమె తన విషయంలోనూ అంతే. ఆఫీసు కాగితాల్లో భర్త ఇంటిపేరుతో ఆమె పేరు కొట్టుకొచ్చినప్పుడల్లా, పెన్ను తీసి పుట్టింటి పేరును పక్కన చేర్చి సంతకం పెట్టేది. పెద్దగుమాస్తా విసుక్కుంటే, నర్మెట్టలో నన్ను అడిగేవాళ్లకు నేనెట్ల దొరకాలె అని ఎదురడిగేది. ఆయన ఒకటి రెండుసార్లు వాదించి ఊరుకున్నాడు.

ఆమె రాస్తున్న ప్రోగ్రాము గనిలోకి ఎవరు దిగారు, ఎవరు పైకొచ్చారు అని చెప్పేది. దిగే ప్రతి మనిషీ ల్యాంపు రూములో టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు, పైకొచ్చి తిరిగిస్తాడు. దీపం రాలేదంటే మనిషి కిందే ఉన్నట్టు. చిక్కంతా బదిలీ కార్మికులతో వచ్చేది. పనికి రానివాడి బదులు ఆ రోజుకు దిగేవాళ్లన్నమాట. వాళ్లు రానివాడి దీపమే పట్టుకుని దిగేవారు. బదులు దిగినవాడి పేరు ఎక్కడో మూలకు రాసి ఉండేది. వాళ్లింటి వాళ్లు గేటు దగ్గరకొచ్చి అడిగితే, ఆ పేరుగలవాడు ఇవాళ దిగలేదనే జవాబు వచ్చేది. మనిషి పొద్దున దిగడం కళ్లారా చూసిన ఆడది ఆ మాట విని ఏమైపోవాలి? అక్క ఒకసారి గేటు దగ్గర అలాంటి ఆవిణ్ని చూసి, గదిలోకొచ్చి స్వెట్టరు కూడా తొడుక్కోకుండా బదిలీ క్లాసు మొదలుపెట్టింది. మొదట దాన్ని హాజరు లెక్కల్లో రాసింది. హాజరును గనుల్లో మస్టర్ అంటారు. తర్వాత ల్యాంపుల లెక్కల్లోకి మార్చింది. అట్లా దాని పేరు ల్యాంప్ మస్టర్ బదిలీ అయింది.

ఆ సమయంలోనే పట్నం నుంచి ఒక కంపెనీ దిగింది, మీ కంప్యూటరు పనంతా మేం చేసిపెడతామని. దాని ఇంజనీరు మంచివాడే, తెలివైనవాడు కూడా. మా ప్రోగ్రామంతా చూసి బాగుందన్నాడు. పేర్లు మాత్రం పిల్లలాటలాగా ఉన్నాయన్నాడు. వాళ్ల పద్ధతిలో క్లాసులకు నంబర్లుంటాయి, ఏ నంబరు ఏమిటో చెప్పే పుస్తకముంటుంది. బదిలీ క్లాసు ల్యాంపుల్లోకి మారాక ఇంకా మస్టర్ ఎందుకు, పెళ్లయ్యాక పుట్టింటి పేరెందుకండీ అని నవ్వుతూ అన్నాడు.  అక్క ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

అతను లేవనెత్తిన అసలు అభ్యంతరం వేరే. ఈవిడ రేపు వేరే ఊరికి మారితే, ఈ ప్రోగ్రాములో ఏది ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? ఇదంతా ఒక్క మనిషి బుర్రలో ఉంది అన్నాడు. పైవాళ్లకు ఆ మాట పట్టింది. తేల్చడానికి సర్కారు తరఫున ఒక పెద్దాయనను పంపారు. ఆయన కోస్తా మనిషి, గనులకు కొత్త. కంపెనీ గెలిస్తే మా ప్రోగ్రాము చెత్తబుట్టలోకి, అక్క ఉత్తరాల విభాగంలోకి పోతుందని ముందే తెలిసిపోయింది. కవర్లకు గోందు రాసుకుంటూ కూర్చోవాలా మా అక్క! 

పెద్దాయన ఎదుట ఇంజనీరు తన మాట చెప్పాడు. అక్క వంతు వచ్చింది. గంటసేపు వాయిస్తుందనుకున్నాం.

"సార్, నా బుర్రల ఏం లేదు. జర మీరే కూసోండ్రి. ఏది కావాల్నో మీరే ఎదుకుండ్రి. ఎవరినీ అడుగొద్దు. దొరికేదాంక నేను నోరు తెరువ," అంది.

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ప్రోగ్రాము సంగతి సరే, ఆమె నోరు తెరవకుండా ఉండటమనేది జరిగే పనేనా అని. పెద్దాయన సరదా పడ్డాడు. చెప్పులు విప్పి వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. ఒకరి బదులు ఇంకొకరు దిగితే ఆ లెక్క ఎక్కడ రాశారో పట్టుకుంటానన్నాడు. వెతికే పెట్టె తెరవడం మాత్రం నన్ను చూపించమన్నారు. చూపించి పక్కకు తప్పుకున్నాను.

ఆయన ఇంగ్లిషులో సబ్‌స్టిట్యూట్ అని కొట్టాడు. ఏమీ రాలేదు. అక్క కిటికీ చువ్వ పట్టుకుంది. రీప్లేస్‌మెంట్ అని కొట్టాడు. అదీ లేదు. ఇంజనీరు తల వంచుకుని తన చేతి గడియారం చూసుకున్నాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె మెడనరాలు ఉబ్బడం నాకు కనిపిస్తోంది. ఒక్క మాట, బదిలీ అన్న ఒక్క మాట అంటే చాలు, అయిపోతుంది. అంటే ఓడిపోతుంది. నేనైతే మనసులో తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. కాళేశ్వరం పోయి గోదావరిలో మునిగి వస్తానని కూడా మొక్కాను.

పెద్దాయన వెనక్కి వాలాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మనిషి వచ్చాడా రాలేదా అన్నదే కదండీ ఇక్కడ విషయం. పొద్దుటి నుంచి మీరంతా దాన్ని మస్టర్ మస్టర్ అంటున్నారు," అని తనలో తాను అనుకున్నట్టు అని, మళ్లీ ముందుకు వంగాడు. మస్టర్ అని కొట్టాడు.

తెర మీదికి కొన్ని పేర్లు దిగాయి. నాలుగోదో ఐదోదో, ల్యాంప్ మస్టర్ బదిలీ. పెద్దాయన వేలితో పైనుంచి ఒక్కొక్కటీ చదువుకుంటూ వచ్చి దాని దగ్గర ఆగాడు. తెరిచాడు. నిదానంగా చదివాడు. రానివాడి పేరొక చోట, బదులు దిగినవాడి పేరొక చోట, ఇద్దరికీ కలిపి దీపం ఒకటి. చదివి తల ఊపాడు.

ఇదేనా అని ఎవరినీ అడగలేదు. ఇదే అన్నాడు.

తర్వాత ఇంజనీరు వైపు తిరిగి, మీ నంబర్లలో ఇది నేనే వెతుక్కోగలనా అని అడిగాడు. అతను నిజాయితీపరుడు. పుస్తకం లేకుండా దొరకదు సార్ అన్నాడు. పుట్టింటి పేరు తీసెయ్యమన్నది కూడా నేనే, తీసేసి ఉంటే ఇక్కడా దొరికేది కాదు అన్నాడు. ఆ మాటకు నేను అతనికి మనసులో దండం పెట్టాను. పెద్దాయన అక్కడికక్కడే చెప్పేశాడు, ఈ ప్రోగ్రాము ఇక్కడే ఉంటుంది, ఈవిడా ఇక్కడే ఉంటారు, మిగతా గనులకు కూడా ఈ పద్ధతే రాయించండి అని.

అక్క ఇంకా చువ్వ పట్టుకునే ఉంది. ఇప్పుడు మాట్లాడొచ్చమ్మా అన్నాడాయన. ఆమె కొంగు తీసి నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్ల నుంచి నీళ్లు జలజలా కారాయి. నేను ఆమెను అట్లా చూడటం అదే మొదలు, అదే ఆఖరు. ఆ వెంటనే ముక్కు చీదుకుని, పెద్దగుమాస్తా నుంచి గేటు వాచ్‌మన్ దాకా అందరికీ చాయ్ తన లెక్కన తెమ్మని కేకేసింది. ఆ కేకకు బల్ల మీది గ్లాసు గలగలలాడిందంటే మీరు నమ్మరు. నమ్మకపోతే పోండి.

ఆ సాయంత్రమే ఇంకొకటి జరిగింది. దాన్ని మించిన సర్టిఫికెట్టు మా ప్రోగ్రాముకు మళ్లీ రాలేదు.

పగటి షిఫ్టు వదిలి చాలాసేపయింది. తండా నుంచి ఒక ఆడమనిషి గేటు దగ్గరకొచ్చి, మనిషి ఇంటికి రాలేదని ఏడుస్తోంది. వాచ్‌మన్ ఆమెను మా వరండాకు తీసుకొచ్చాడు.  గనిలో ఏమన్నా అయిందా చెప్పమని, ఒక మాట తెలుగులో ఒక మాట వాళ్ల ఇంటి భాషలో అడుగుతోంది. అక్క ఆమెను కూర్చోబెట్టి మీ ఆయన పేరేంటి అంది. ఆమె తల అడ్డంగా ఊపింది. మొగని పేరు నోటితో ఎట్లా చెబుతుంది? మా పెద్దోని నాయిన అంది. మళ్లీ అడిగినా అదే. ఇంత పెద్ద ప్రోగ్రాము రాసి పెట్టుకుని, వెతకడానికి పేరే లేదు. నేను నీరుగారిపోయాను.

అక్క మాత్రం ఆమె ముందు నేల మీద కూర్చుంది. "పోనియ్ బిడ్డా, ఆయన పేరు చెప్పకు. ఇయ్యాల ఎవని బదులు దిగిండో గది తెలుసా?"

"రాజయ్య బదులు దిగిండు. రాజయ్యకు జరమొచ్చిందట," అందామె తడుముకోకుండా. పరాయి మగవాడి పేరు చెప్పడానికి ఆమెకు అభ్యంతరం లేదు.

అక్క లేచి మిషను ముందుకు పోయింది. ఆనాటి దీపాల లెక్క తెరిచి రాజయ్య అని కొట్టింది. రాజయ్య రాలేదు, అతని బదులు దిగినవాడి పేరు ఎదురుగా నిలబడింది. అక్క ఆ పేరు పైకి చదివి గిదేనా అని అడిగింది. ఆ ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. ఆ పేరు పక్కనే దీపం తిరిగిచ్చినట్టుంది, షిఫ్టు వదిలిన కాసేపటికే. పైకొచ్చిండమ్మా, మంచిగున్నడు, దీపం గూడ ఇచ్చిపోయిండు అని అక్క చెప్పింది.

ఆమె లేచి నిలబడింది. ఏడుపు మాయమైంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ కొంగునే నడుముకు బిగించి దోపుకుంది.

"పైకొచ్చిండా? మరి ఇంటికి రాకుంట యాడ తిరుగుతుండు వాడు?" అంది.

అంటూనే మెట్లు దిగి, కల్లు దుకాణం దారిన విసవిసా నడిచిపోయింది. అక్క తలుపుకు ఆనుకుని నవ్వుతూ నవ్వుతూ కిందికి జారి కూర్చుంది. బయట దారిన పోతున్న వాళ్లంతా ఆ నవ్వు విని ఆగి మా గది వైపు చూశారు.